సూదుల మీదే ఉన్న మఫ్లర్

టీచరమ్మ పోయారన్న కబురు నాకు ఎమ్మిగనూరు బస్టాండులో అందింది. బస్సు దిగి ఇంకా కొంగు కూడా సర్దుకోలేదు, అమ్మ ఫోన్ చేసింది. "పాపా, టీచరమ్మ పోయినాది. పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నాది, అంతే. నువ్వు వచ్చెయ్," అంది. నేను దిగిన బస్సే మళ్లీ ఆదోనికి పోతుంది కాబట్టి అందులోకే ఎక్కాను. ఇప్పుడే దిగినదాన్ని తిరిగి ఎక్కడం చూసి కండక్టరన్న ఏమైందని అడిగాడు. చెప్పాను. ఆయన టికెట్ల మిషను ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి అడిగిన మొదటి మాట ఇది: "మరి ఆ మఫ్లర్ అయిపోయినాదా అమ్మా?"

నాకు ఒళ్లు మండింది. మనిషి పోయిందని చెబుతుంటే మఫ్లర్ గొడవేమిటి? "అయిపోలేదన్నా," అన్నాను పొడిగా. "అయ్యో, నాది ఎట్ల మరి?" అన్నాడు. కళ్లలో నీళ్లు పెట్టుకునే అన్నాడు. నాది అన్నాడు. ఆ ముక్క ఆదోని చేరేదాకా నాకు కొరుకుడు పడలేదు. ఎందుకంటే ఆ మఫ్లర్ నాది.

టీచరమ్మ అంటే మా ఎదురింటావిడ. ఎమ్మిగనూరులో ఆడపిల్లల హాస్టలు బడిలో ఏళ్ల తరబడి కుట్లు, అల్లికలు నేర్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఆదోనిలో జిన్నింగు మిల్లుల వెనక మా వీధి. మధ్యాహ్నం గాలి లేస్తే పత్తి నూగు వచ్చి ఆరేసిన బట్టల మీద వాలుతుంది. అలాంటి చోట కూర్చుని ఆవిడ ఊలు అల్లేవారు. మా దగ్గర చలి చుట్టపుచూపుగా వచ్చి నాలుగు రోజులుండి పోతుంది. ఆ నాలుగు రోజుల కోసం ఏడాదంతా అల్లడమేమిటని వీధి వాళ్లు నవ్వుకునేవారు. ఆవిడా నవ్వేవారు, చేతులు మాత్రం ఆపేవారు కాదు.

బజారులో అమ్మే సూదులు ఆవిడకు నచ్చవు. సైకిలు షాపులో పాత చువ్వలు అడిగి తెచ్చుకుని, కొసలు అరగదీయించుకునేవారు. వాటిని గొడుగులో పెట్టుకుని బస్సెక్కేవారు. కుట్లు లెక్కపెట్టుకుంటూ పెదాలు కదిలిస్తుంటే, ప్రార్థన చేసుకుంటున్నారనుకుని పక్క సీటు వాళ్లు మాటలు తగ్గించేవారు. లెక్క తప్పితే గట్టిగా "ఆమెన్" అని మళ్లీ మొదటికి వచ్చేవారు. పక్కనున్న వాళ్లు కూడా ఆమెన్ అనేవారు. నేను నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగేదాన్ని.

ఇక ఆ మఫ్లర్. ఎర్ర ఊలు, తెల్ల ఊలు కలిపి జానెడు మేర రంగుల డిజైను. ఎమ్మిగనూరు దుప్పటి అంచు చూసి ఎత్తిన డిజైను అది. దాని తర్వాత జానెడు మేర ఒకే రంగులో జాలీ, అంటే కావాలని చిల్లులు వదిలి అల్లడం. చిల్లుల మధ్య సజ్జ గింజల్లాంటి బుడిపెలు. మళ్లీ రంగులు, మళ్లీ జాలీ. ఎర్ర ఊలు అయిపోతే ఆకుపచ్చ, అది దొరక్కపోతే పసుపు. పాత బజారులో ఊలు షాపు భాయ్ దగ్గర ఏ ఉండ మిగిలిపోతే ఆ ఉండ. రంగుల అల్లిక నాకు ఆవిడే నేర్పారు. ఒక రంగుతో అల్లుతున్నప్పుడు రెండోది వెనకాల సాగుతూ ఉంటుంది. నేను దాన్ని బిగించి లాగేదాన్ని, ముందు వైపు అంతా ముడతలు పడేది. "ఎనకాల ఉండేదాన్ని అంత గుంజకు పాపా. దాని వంతు వచ్చేదాకా దాన్ని సుఖంగా ఉండనీ," అనేవారు.

జాలీ సంగతి మాత్రం నాకు మింగుడుపడేది కాదు. "చలికి అల్లేదానికి చిల్లులెందుకు టీచరమ్మా? గాలి రాదా?" అని ఒకసారి అడిగాను.

"వస్తే రానీ. అంతా మూసేస్తే మెడ యాడ కనపడతాది?" అన్నారు.

మఫ్లర్ వేసుకునేదే మెడ కప్పుకోవడానికి కదా! ఇంకో ప్రశ్న వేస్తే ఇంకో తిరకాసు జవాబు వస్తుందని ఊరుకున్నాను. ఆవిడతో మాట్లాడాక బుర్ర గీక్కోవడం నాకు అలవాటే.

కొలతల పిచ్చి కూడా అంతే. ఆవిడ టేపు పట్టుకోగా నేను ఎన్నడూ చూడలేదు. ఇంటికి ఎవరొచ్చినా, బస్సులో ఎవరు పక్కన కూర్చున్నా, సూదులతో సహా ఆ మఫ్లర్ తీసి వాళ్ల మెడకు చుట్టేవారు. "ఒక్కసారి మెడ ఇట్ల పెట్టప్పా, కొలత సూస్తా." పాలాయన, కరెంటు మీటరు చూసేవాడు, కూరగాయల అవ్వ, ఎవరూ తప్పించుకోలేదు. సూది కొస ఎక్కడ గుచ్చుకుంటుందోనని వాళ్లు గడ్డం పైకెత్తి ఊపిరి బిగబట్టి నిలబడేవారు. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని తీరిగ్గా చూసి, మఫ్లర్ తీసుకుని, మళ్లీ అల్లుకునేవారు. విచిత్రం ఏమిటంటే, అప్పటికే అది ఎవరి మెడకైనా చాలినంత పొడుగైపోయింది. ఆ తర్వాత ఇంటిల్లిపాదికీ చాలేంత అయ్యింది. మడతపెట్టి సంచిలో పెడితే సంచి నోరు మూతపడేది కాదు. అయినా కొలతలు ఆగలేదు.

ఇంకొకటుంది. ఆవిడ శిష్యురాళ్లందరికీ కుట్లు సూది మీదికి ఎక్కించడం నేర్పారు గానీ, ముగిసిన అల్లిక ఊడకుండా దించడం నేర్పలేదు. "దించేటప్పుడు నా దగ్గరికి తీసుకొని రాండి," అనేవారు. పెళ్లిళ్లయి పోయినవాళ్లు కూడా పిల్లల స్వెటర్లు సూదులతో సహా పట్టుకుని బస్సెక్కి వచ్చేవారు. ఆఖరి వరస ఆవిడ చేతి మీదుగా ముగియాల్సిందే. ఆ వచ్చినవాళ్లకు ఉగ్గాని, బజ్జీలు తెప్పించి పెట్టేవారు. దించడం ఎందుకు నేర్పలేదో నాకు తెలియదు. నేర్పితే మళ్లీ రారని కావచ్చు, తనకన్నా బాగా ఎవరూ దించలేరన్న గర్వం కావచ్చు. ఆవిడకు గర్వం లేదని మాత్రం నేను చెప్పను.

ఆ మఫ్లర్ నాది ఎట్లా అయ్యిందో చెప్పాలి. మా అత్తగారిల్లు గోనెగండ్లలో. మూడేళ్ల కిందట ఎండాకాలంలో ఒకరోజు గుడ్డసంచితో బస్సెక్కి ఆదోనికి, అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఎండ మండిపోతున్నా కొంగు మెడ చుట్టూ బిగించి కప్పుకుని ఉన్నాను. అమ్మ మిల్లులో పత్తి ఏరే పని నుంచి వచ్చి, ఉక్కపోస్తుంటే ఆ కొంగేమిటి తీయమంది. తలనొప్పి అన్నాను. తలనొప్పికి మెడ కప్పుకోవడమేమిటని అమ్మ అడగలేదు. ఆ సాయంత్రమే టీచరమ్మ వచ్చి, "పాపా, మెడ పెట్టు, కొలత సూడాల," అన్నారు. వద్దన్నాను. ఆవిడ విన్నారా! కొంగు ఆవిడే తొలగించి మఫ్లర్ చుట్టారు. జాలీ ఉన్న చోటు సరిగ్గా గొంతు మీదికి వచ్చింది. అక్కడ నా భర్త వేళ్ల గుర్తులున్నాయి.

ఆవిడ కళ్లద్దాలు సవరించుకున్నారు. చాలాసేపు చూశారు. మఫ్లర్ రెండు కొసలూ నా గుండెల మీద సర్ది, "ఇది నీకే అల్లుతాండా. ఇది అయిపోయేదాకా నువ్వు యాడికీ పోయేది లేదు. నీ మెడ ఈడ లేకపోతే నాకు కొలత అందదు," అన్నారు. ఎండాకాలపు ఉక్కలో మెడకు ఊలు గరగరలాడుతుంటే నేను భోరున ఏడ్చాను.

కొన్నాళ్లకు అత్తగారి తరఫు పెద్దమనుషులు వచ్చారు. "పిల్లను పంపియ్యండి. సంసారమన్నాక చిన్న చిన్నవి ఉంటాయి," అన్నాడు వాళ్లలో పెద్దాయన. మా అమ్మ టీ పెట్టేందుకు లోపలికి పోయింది. అంతలో ఎదురింట్లోంచి టీచరమ్మ సూదులు ఆడిస్తూ వచ్చి మా గడప మీద కూర్చున్నారు. నిండైన మనిషి. ఇంక లోపలివాళ్లు బయటికి, బయటివాళ్లు లోపలికి వచ్చే దారి లేదు.

"పంపిస్తాం అప్పా. మఫ్లర్ దిగినాక," అన్నారు.

"ఏం మఫ్లర్?"

"ఈ పాప మెడకు కొలత పెట్టినా. సగంలో ఉండాది. కొలత మనిషి మద్దెలో పోతే ఎట్ల?"

పెద్దమనుషుల్లో ఒకాయన కూతురు ఆవిడ దగ్గరే అల్లిక నేర్చుకుందట. ఆయన "టీచరమ్మ చెప్తాంది గదా," అన్నాడు. టీ తాగి వెళ్లిపోయారు. వేరుశనగ కోతలయ్యాక మళ్లీ వచ్చారు. ఈసారి ఆకుపచ్చ ఊలు దొరకడం లేదని చెప్పారావిడ. మళ్లీ వచ్చారు. ఈసారి డిజైను తప్పింది. ఆ తర్వాత రాలేదు. వాళ్లకు విషయం అర్థమై ఊరుకున్నారో, మఫ్లర్ సంగతి ఎంతకీ అర్థం కాక ఊరుకున్నారో నాకు ఈరోజుకీ తెలియదు. ఈలోగా ఆవిడ ఎమ్మిగనూరులో తన పాత శిష్యురాలి దుప్పట్ల షాపులో నాకు పని ఇప్పించారు. నేను రోజూ బస్సులో పోయి వస్తున్నాను. తిరిగొచ్చాక ఎదురింట్లో కూర్చుని నాలుగు వరసలు నేనూ అల్లేదాన్ని. నా వరసలు బిగుతు, ఆవిడవి వదులు. చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు చెప్పండి, అది కండక్టరన్నది ఎట్లా అవుతుంది?

సమాధుల తోట నుంచి వచ్చిన కొన్ని రోజులకు ఆవిడ ఇంట్లో ఆదరణ కూడిక, అంటే పోయినవాళ్లను తలుచుకునే ప్రార్థన, పెట్టారు. వాక్యం, ప్రార్థన అయ్యాక ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. హొళగుంద నుంచి వచ్చిన టీచరమ్మ చెల్లెలు లేచి, మఫ్లర్ ఎక్కడుందని అడిగింది. నేను సంచి తెచ్చాను.

"హౌదు, ఇదే. ఇది నాది," అంది ఆమె. వాళ్ల ఊరి మాటలో కన్నడం కలిసి ఉంటుంది. "పత్తి పోయిన ఏడు మా గొలుసు కుదవ పెట్టినాం. ఎవురికీ తెలీకూడదని కొంగు కప్పుకొని అక్కను సూసేకి వచ్చిన. అక్క కొలత సూస్తా అని ఇది సుట్టినాది. ఇది నీకే అన్నాది. తీసేతలికి నా మెడలో గొలుసు ఉండాది. అక్కది. నేను సూసుకోనే లేదు." ఆమె కొంగులోంచి గొలుసు తీసి అందరికీ చూపించింది.

కండక్టరన్న కూడా లేచాడు. "అక్కా, నాకూ అదే మాట సెప్పినాది. నీకే అప్పా, డ్యూటీలో సలి కొడతాది గదా అని. బస్సులో అందరి ముందర మెడకు సుట్టి, ఈ గడ్డ ఏంది, ఎన్నాళ్ల నుంచి ఉండాది అని గదమాయించినాది. కర్నూలు పెద్దాసుపత్రికి పోయేదాకా రోజూ పోరు పెట్టినాది. ఈ పొద్దు నేను ఈడ నిలబడి మాట్లాడ్తాండా అంటే..." అని కూర్చుండిపోయాడు. ఆయన మెడ మీద ఆపరేషను గాటు నేను రోజూ టికెట్టు తీసుకునేటప్పుడు చూసేదే. ఎందుకైందని ఎన్నడూ అడగలేదు.

పాస్టరయ్యగారికి ఏమీ పాలుపోలేదు. "ఇంత పొడుగుంది కదా, సమానంగా కత్తిరించి పంచుకుంటే పోలేదా?" అన్నారు. కత్తిరిస్తే మొత్తం ఊడిపోతుందయ్యగారూ అని ఆడవాళ్లందరం ఒక్కసారే అరిచాం.

అందరూ నా వైపు చూశారు. నా సంగతి చెప్పాల్సిన వంతు నాది. నేను చెప్పలేదు. ఆ మూలన అమ్మ కూర్చుని ఉంది. నా మెడ మీద ఆ రోజు ఏముందో అమ్మకు తెలియదని నా నమ్మకం. మఫ్లర్ మడతపెడుతూ నిలబడ్డాను. ఆవిడ జాలీ ఎందుకు అల్లారో అప్పుడు కొంచెం తెలిసింది. కొలతకు కాదు, ఆ చిల్లుల్లోంచి ఎదుటివాళ్లను చూసుకోవడానికే అది. కానీ అది తెలిశాక నాకు ఇంకా అయోమయమైంది. నీకే అన్న మాట అందరికీ చెప్పారన్నమాట! మరి ఇది అసలు ఎవరిది? ఎవరిదీ కాదా? నిజం చెప్పాలంటే కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. మూడేళ్లుగా ఆ మాట మీద బతికినదాన్ని.

ఆఖరుకి చెల్లెలే తేల్చింది. "క్రిస్మస్ లోపల దించి పెట్టు పాపా. అప్పుడు మాట్లాడుకుందాం," అంది. దించడం నాకు రాదని చెప్పాను. అక్కడున్న శిష్యురాళ్లలో ఒక్కరికీ రాదు. ఒకమ్మాయి ఫోనులో వీడియో చూసి చేస్తానంది. ఎందుకో గానీ నేను సూదులు ఆమె చేతికి ఇవ్వలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. గోనెగండ్ల నుంచి అమ్మకు ఫోన్ వచ్చింది. "టీచరమ్మ పోయినాదంట గదా. ఇంక మఫ్లర్ ఎవురు అల్లుతారు? రేపు వస్తాండాం, పిల్లను తయారు సెయ్యండి," అన్నాడట పెద్దాయన. ఆ మఫ్లరే లేకపోతే నేను ఇక్కడ ఉండటానికి కారణం ఏమని చెప్పాలి? ఉన్న నిజం చెప్పాలంటే అమ్మ ముందు చెప్పాలి. మరుసటి రోజు పనికి పోనన్నాను. అమ్మ మాత్రం, "నువ్వు పనికి పో. నేను మాట్లాడ్తా," అంది. నలుగురిలో నోరు తెరవని మనిషి ఏం మాట్లాడుతుంది?

వెళ్లాను గానీ షాపులో దుప్పట్లు తప్పుగా మడతపెట్టి మధ్యాహ్నానికే తిరిగి బస్సెక్కాను. దారి పొడుగునా మార్కెట్ యార్డుకి పోయే పత్తి బండ్లు. బస్సు కదలదు. కండక్టరన్న పలకరిస్తే ఏం జవాబు చెప్పానో నాకే తెలియదు.

మా వీధి మొదట్లో ఆటో దిగేసరికి పెద్దాయన, ఆయనతో వచ్చిన ఇంకొకాయన ఎదురొచ్చారు. తిరిగి పోతున్నారు! పెద్దాయన నన్ను చూసి ఆగాడు. మనిషి మొహంలో కోపం లేదు, అలసట ఉంది. "ఇంకా ఎంత పొడుగు కావాల్నమ్మా అది?" అన్నాడు.

"తెల్దు పెద్దయ్యా," అన్నాను. అది నిజమే.

ఇంటికొచ్చి చూస్తే, అమ్మ గడప మీద కూర్చుని ఉంది. టీచరమ్మ కూర్చున్న చోటే. మఫ్లర్ ఒక కొస తన మెడకు చుట్టుకుంది. మిగతాదంతా ఒళ్లో కుప్పగా ఉంది. చేతుల్లో సూదులు, రెండూ తలకిందులుగా. మా అమ్మకు అల్లిక రాదు. జన్మలో సూది పట్టలేదు. వాళ్లు వచ్చినప్పటి నుంచీ పోయేదాకా ఆ సూదులు ఊరికే అటూ ఇటూ ఆడిస్తూ కూర్చుందట. ఒక్క కుట్టు పడలేదు సరికదా, ఉన్న కుట్లలో గుప్పెడు సూది మీద నుంచి జారి, కిందికి నాలుగైదు వరసలు ఊడిపోయాయి.

"వాళ్లతో ఏం సెప్పినావు మా?"

"ఇంకా దిగలేదని సెప్పినా. నేను అల్లుతాండా అని సెప్పినా." సూదుల వైపు చూసి, "పాడు సేసినానా పాపా?" అంది.

"లేదు మా."

నేను కింది మెట్టు మీద కూర్చుని జారిన కుట్లు ఒక్కొక్కటే ఎత్తి సూదికి ఎక్కించడం మొదలుపెట్టాను. అమ్మ నా వైపు చూడకుండా అంది. "ఆ పొద్దు నువ్వు నాకు మెడ సూపియ్యవని తెలుసు. పోయి ఆమెతో నేనే సెప్పినా. నువ్వు ఐతే కొలత పెట్టి సూస్తావు, ఒకసారి సూడు టీచరమ్మా అని."

ఈ మూడేళ్లుగా అమ్మకు తెలియకూడదని నేను, తనకు తెలుసని నాకు తెలియకూడదని అమ్మ. ఎవరికి దండం పెట్టాలో, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. టీచరమ్మ ఉంటే ఈ పాటికి ఏదో తిరకాసు మాట అని ఊలు ఉండ నా మీదికి విసిరేవారు. ఆ మాట వినాలనిపించింది. ఆవిడ లేరన్న సంగతి నాకు పూర్తిగా తెలిసింది ఆ మెట్టు మీదే.

ఊడిన చోట కుట్లన్నీ ఎత్తలేకపోయాను. కొన్ని లోపలికి పోయి చిక్కలేదు. అక్కడ ఎర్ర, తెలుపు రంగుల మధ్యన ఎవరూ అనుకోని ఒక చిల్లు మిగిలింది. దాన్ని అలాగే వదిలేసి పై వరస అల్లాను. తలెత్తి చూస్తే, అమ్మ మెడ మీద జాలీ ఉన్న చోట చిల్లుల్లోంచి చెమట, మెడ మడతల్లో అంటుకున్న పత్తి నూగు కనిపించాయి. ఇన్నేళ్లలో అమ్మ మెడ నేను ఎప్పుడైనా సరిగ్గా చూశానా అని ఆలోచించాను. గుర్తుకు రాలేదు.

"ఇంక తీసేద్దునా, ఉడుకుతాంది," అంది అమ్మ.

"కదలకు మా. కొలత సూస్తాండా," అన్నాను.

మా అమ్మ గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి, అట్లాగే కూర్చుంది.